రికార్డుల్లోకి వెళ్లని మాట

లోక్‌సభలో నోరు జారిన మనిషి సంగతి తర్వాత చూస్తారు. ముందు జారిన మాట సంగతి చూస్తారు. అందుకు 380వ నిబంధన ఉంది. అసభ్యమనో, పరువు తీసేదనో, సభా మర్యాదకు తగదనో తోస్తే స్పీకర్ ఆ మాటను రికార్డుల నుంచి తీసేయించవచ్చు. తీసేసిన చోట అచ్చులో నక్షత్రం గుర్తులు పడతాయి. పేజీ అడుగున, అధ్యక్షస్థానం ఆదేశం మేరకు తొలగించడమైనదని ఓ ముక్క ఉంటుంది. అంతే.

తొలగించిన మాటను పత్రికలు అచ్చేస్తే సభా హక్కులకు భంగమేనని పట్నాలోని ‘సెర్చ్‌లైట్’ పత్రిక కేసులో సుప్రీంకోర్టు 1958లోనే తేల్చింది. అప్పట్లో టీవీలు లేవు. ఇప్పుడు మాట నోట్లోంచి రాగానే ఊరూవాడా వినేస్తోంది, ఆ తర్వాత తీరిగ్గా రికార్డుల్లోంచి మాయమవుతోంది.

అలా అనకూడని మాటలన్నీ పోగేసి లోక్‌సభ సచివాలయం 1999లో ఓ పుస్తకమే వేసింది. దాదాపు 900 పేజీలు! మన ప్రజాప్రతినిధుల పదసంపద మీద ఎవరికైనా అనుమానముంటే అది చూస్తే తీరిపోతుంది.

అందులో ఒక మాట ‘గోడ్సే’. గాంధీని చంపినవాడి పేరు పవిత్రమైన సభలో వినపడకూడదని 1950ల నాటి పెద్దలు అనుకున్నారు. మంచి ఉద్దేశమే. 2014 ఎన్నికల్లో నాసిక్ ఓటర్లు శివసేన అభ్యర్థి హేమంత్ గోడ్సేని గెలిపించేదాకా దానితో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మహారాష్ట్రలో అది మామూలు ఇంటిపేరు. ఇప్పుడు ఆయన్ని మాట్లాడమని పిలవాలంటే స్పీకరే అనకూడని మాట అనాలి! నా ఇంటిపేరు నిషిద్ధం ఎలా అవుతుందని ఆయన లేఖ రాశారు. 2015 ఏప్రిల్‌లో స్పీకర్ సుమిత్రా మహాజన్ చిక్కు విప్పారు. ఉత్త గోడ్సే అనొచ్చు, నాథూరాం గోడ్సే అంటేనే తప్పు. ఒక ఎంపీ ఇంటిపేరు బతికి బయటపడింది.

ఇక 2019 నవంబరు 27. ప్రముఖులకు కాపలా కాసే ఎస్పీజీ చట్టానికి సవరణ బిల్లు మీద చర్చ. డీఎంకే సభ్యుడు ఎ. రాజా మాట్లాడుతున్నారు. గాంధీ మీద తనకు ఏళ్ల తరబడి కక్ష ఉందని గోడ్సే స్వయంగా చెప్పుకున్న సంగతి ఎత్తారు. భోపాల్ బీజేపీ సభ్యురాలు ప్రజ్ఞా ఠాకూర్ చటుక్కున లేచి అడ్డు తగిలారు. ఆమె అన్న దాంట్లో ‘దేశభక్తుడు’ అన్న మాట ఉంది. ఎవరి గురించి?

అంతకు ఆరు నెలల ముందే ఎన్నికల ప్రచారంలో ఆమె నాథూరాం గోడ్సేని దేశభక్తుడన్నారు. తాను మనస్ఫూర్తిగా ఎన్నటికీ క్షమించలేనని సాక్షాత్తూ ప్రధానే అన్నారు. కనుక ఇది కూడా గోడ్సే గురించేనని ప్రతిపక్షం భగ్గుమంది. కాదు, ఆ చర్చలో స్వాతంత్ర్య సమరయోధుడు ఉధంసింగ్ పేరు వచ్చినప్పుడు లేచానని ఆమె. స్పీకర్ ఓం బిర్లా క్షణం ఆలస్యం చేయలేదు. రాజా ప్రసంగం తప్ప మరేదీ రికార్డుల్లోకి వెళ్లదన్నారు. సభ గౌరవం నిలబడింది.

మర్నాడు సొంత పార్టీయే ఆమెను రక్షణ శాఖ సంప్రదింపుల సంఘం నుంచి తప్పించింది. గాంధీ హంతకుణ్ని దేశభక్తుడనడం ఖండించదగ్గదని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ సభలోనే చెప్పారు. 29న ఆమె లేచి, తన మాటలను వక్రీకరించారంటూనే క్షమాపణ కోరారు. ఇదేం క్షమాపణ అని ప్రతిపక్షం కేకలేసింది. స్పీకర్ అన్ని పార్టీల నాయకులనూ కూర్చోబెట్టి మాట్లాడారు. ఆమె మళ్లీ లేచారు. 27న జరిగిన చర్చలో నేను నాథూరాం గోడ్సేని దేశభక్తుడనలేదు, అసలు ఆయన పేరే ఎత్తలేదు, అయినా ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే మన్నించండి అన్నారు.

పేరు ఎత్తని మాట నిజమే కావచ్చు. ఎత్తింది రాజా. ఈమె అన్నది ‘దేశభక్తుడు’ అని మాత్రమే. ఆ మాట ఏ వాక్యం మీద పడింది, ఉధంసింగ్ మీదా, గోడ్సే మీదా? తగువంతా అక్కడే ఉంది. ఎవరేమన్నారో, ఎవరి తర్వాత ఎవరన్నారో అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టడానికి సభలో రిపోర్టర్లుంటారు. తగువు తీర్చగలిగిన సాక్ష్యం ఆ రికార్డే.

ఆ రికార్డు ప్రకారం, 27వ తేదీన ప్రజ్ఞా ఠాకూర్ అనకూడని మాట ఏదీ అనలేదు. 29న మాత్రం ఒకే రోజు రెండుసార్లు క్షమాపణ చెప్పారు. రేపెప్పుడో ఆ సంపుటాలు తిరగేసే పరిశోధక విద్యార్థి ఆవిడ సంస్కారానికి ముచ్చటపడతాడు.