లెక్కలో ఉన్నాను, బొమ్మలో లేను

నన్ను ఫ్లేంజ్ బ్రేస్ అంటారు. హైదరాబాద్ శివారులో ఒక గోదాము షెడ్డు కప్పు కింద, కప్పును మోసే రాఫ్టర్‌కీ, దాని మీద రేకుల కింద అడ్డంగా పరిచిన పర్లిన్‌కీ మధ్య ఏటవాలుగా బిగించిన 50 మిల్లీమీటర్ల యాంగిల్ ముక్కను. నిలువెల్లా కొలిచినా ముప్పావు మీటరు దాటను. రెండు కొసలకూ చెరొక బోల్టు. తలెత్తి చూసేవాళ్ల కళ్లు రాఫ్టర్ల మీద ఆగుతాయి, నా దాకా రావు. కానీ ఆ రాఫ్టర్ ఎంత బరువు మోయగలదో తేల్చిన లెక్కలో నేనున్నాను.

సన్నని వెదురు పుల్లను నేల మీద నిలబెట్టి పైనుంచి అరచేత్తో నొక్కండి. విరగకముందే నడుము దగ్గర పక్కకు వంగిపోతుంది. ఆ నడుమును ఎవరైనా రెండు వేళ్లతో పట్టుకుంటే అదే పుల్ల అంతకు కొన్ని రెట్ల నొక్కుడును ఓర్చుకుంటుంది. 18వ శతాబ్దంలోనే ఆయిలర్ దీనికి లెక్క కట్టాడు: సన్నని కడ్డీలో పట్టులేని పొడవు సగమైతే, వంగకుండా మోసే బరువు నాలుగింతలవుతుంది. ఆ వేళ్ల పనే నాది.

కప్పు బరువుకు రాఫ్టర్ నడిమి భాగంలో పై ఫ్లేంజ్, అంటే దూలం పై పట్టీ, నొక్కుడుకు గురవుతుంది. దాన్ని పర్లిన్లు పట్టుకుంటాయి. స్తంభం దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం తిరగబడి, నొక్కుడంతా కింది ఫ్లేంజ్ మీద పడుతుంది. గాలివాన రేకుల్ని పైకి లాగినప్పుడైతే నడిమి భాగంలోనూ కింది ఫ్లేంజే నలుగుతుంది. పర్లిన్ ఉండేది పైన. కింది ఫ్లేంజ్ పక్కకు జారుకుంటుంటే దానికి అందదు. అందుకే నేను పర్లిన్‌ను ఊతం చేసుకుని కింది ఫ్లేంజ్‌ను పట్టి ఉంచుతాను. ఇందుకు భీమబలమేమీ అక్కర్లేదు. ఆ ఫ్లేంజ్‌లోని గరిష్ఠ నొక్కుడులో 2.5 శాతాన్ని తట్టుకునేలా పట్టు ఉండాలని ఉక్కు కట్టడాల భారతీయ కోడ్ ఐఎస్ 800:2007 చెబుతుంది. 40 టన్నుల నొక్కుడును అదుపులో పెట్టడానికి 1 టన్ను ఓర్పు చాలు.

డిజైన్ ఇంజినీరమ్మ స్టాడ్ ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ షెడ్డు ఫ్రేము గీసినప్పుడు నన్ను గీయలేదు. మామూలుగా ఎవరూ గీయరు, అది తప్పూ కాదు. ఆమె ఎల్ఎక్స్ అనే పారామీటర్ దగ్గర 3 అని కొట్టింది. 3 మీటర్లకొకచోట ఫ్లేంజ్‌కు పట్టు ఉంటుందని దానర్థం. ఆ 3 రూపంలోనే నేను పుట్టాను.

ఆ అంకె ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ ఊరుకోదు, నోడ్‌కూ నోడ్‌కూ మధ్య ఉన్న మెంబర్ పొడవునే తీసుకుంటుంది. నన్ను భయపెట్టేది ఇదే. 12 మీటర్ల రాఫ్టర్‌ను పర్లిన్ పడే ప్రతిచోటా నోడ్ పెట్టి మీటరున్నర ముక్కలు చేశారనుకోండి. అంతటా కింది ఫ్లేంజ్‌ను ఎవరో పట్టుకున్నట్టే లెక్క నడుస్తుంది, మెంబర్ పాసవుతుంది. నోడ్ అంటే రెండు గీతలు కలిసే చోటు, అంతే. అక్కడ ఇనుప ముక్క ఉందా లేదా అన్నది దానికి తెలియదు. బెండింగ్ మూమెంట్ సున్నా అయ్యే చోటును కూడా కొందరు పట్టుగా లెక్కేస్తారు. అది నాకు అసలు మింగుడుపడదు. అక్కడ మూమెంట్ లేకపోవచ్చు, ఫ్లేంజ్ పక్కకు కదలకుండా ఆపేదీ ఏమీ లేదు. అమెరికన్ కోడ్‌తో డిజైన్ చేసేటప్పుడు పై ఫ్లేంజ్‌కు యూఎన్‌టీ, కింది ఫ్లేంజ్‌కు యూఎన్‌బీ అని వేర్వేరు పొడవులు ఇవ్వొచ్చు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. ఏ ఫ్లేంజ్‌ను ఎవరు పట్టుకున్నారో విడివిడిగా చెప్పొచ్చు కదా.

లెక్కలో ఉన్న పట్టు ఇనుములో లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ చూసింది. అక్కడి సివిక్ సెంటర్ కప్పు ఉక్కు స్పేస్ ఫ్రేము, అప్పటికి కొత్తగా వస్తున్న కంప్యూటర్ లెక్కతో డిజైన్ చేసింది. పై కడ్డీలు ఒక్కొక్కటి 30 అడుగులు. నడుమ పట్టు ఉంది కాబట్టి 15 అడుగులే అని లెక్క. కానీ అంచు వరుసల్లోని కడ్డీలకు ఆ పట్టు నిజంగా లేదు. కట్టే రోజుల్లోనే కప్పు లెక్కకు రెట్టింపు కుంగిందని కొలిచి చెప్పినా ఎవరూ మోడల్‌ను అనుమానించలేదు. 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకు కప్పంతా కూలింది. కొన్ని గంటల ముందే దాదాపు 5,000 మంది దాని కింద కూర్చుని బాస్కెట్‌బాల్ చూశారు. కూలేటప్పటికి అందరూ వెళ్లిపోవడంతో ఒక్క ప్రాణం పోలేదు.

ఇక్కడ మాత్రం డ్రాయింగ్‌లో నా చోటు ఎఫ్‌బీ అని గుర్తు పెట్టి, పక్కన ‘రేకులు వేసేలోపే బిగించాలి’ అని నోట్ రాశారు. అయినా సైట్‌లో చిన్న గండం రానే వచ్చింది. “అన్నా, ఈ చిన్న యాంగిళ్లు తర్వాత చూద్దాం తియ్, ముందు రేకులు ఎక్కిద్దాం” అన్నాడు కుర్ర హెల్పరు. “తర్వాతంటే మల్ల ఎవలకు గుర్తుండదు రా. డ్రాయింగ్‌ల ఉన్నయ్, ఇప్పుడే బిగియ్యి” అన్నాడు ఫిట్టరన్న. పానా తిరిగి బోల్టు బిగిశాక రాఫ్టర్ అంచు నన్ను ఆనుకుంది. అంతవరకు అంకెగా ఉన్న నేను అప్పుడు ఇనుమునయ్యాను.

ఈమధ్య గోదాములో ఏసీ డక్టు వేస్తామని కొలతలు తీస్తున్నారు. నా పక్క వరుసలో ఒకటి అడ్డొస్తోందని, విప్పేస్తే పోతుందని ఒకాయన అన్నాడు. అలా విప్పితే అక్కడ పట్టులేని పొడవు 3 కాదు, 6 మీటర్లు. విప్పాలనే అనుకుంటే ముందు డిజైన్ ఫైలు తెరవండి. ఎల్ఎక్స్ దగ్గర 6 కొట్టి మళ్లీ చెక్ చేయండి. ఫెయిలైతే డక్టును పక్కకు జరపండి.