ప్రకాశాధికారి

దుమ్ముగూడెము మొదలుకొని చర్ల వఱకు గోదావరి వెంబడి అడవి నంటియున్న గ్రామములలో దేనికి పోయినను, కిరాణా కొట్టు లేకపోవచ్చును, పురోహితుడు భద్రాచలమునుండి రావలసి యుండవచ్చును గాని, ప్రకాశాధికారి లేని ఊరు మాత్రముండదు. పదిమంది చేరిన వసారాలో టీవీకి అతిసమీపమున స్టూలుపై ఆసీనుడై, చేత రిమోటు ధరించి, బొమ్మను గాక బొమ్మయొక్క వెలుగును మాత్రమే వీక్షించుచుండు మహానుభావుడే ఆయన. కథలో ఎవరు చచ్చిరో, ఎవరు పెండ్లాడిరో ఆయనకు తెలియదు, పట్టదు.

ఆయన విద్యాభ్యాసము పాత డబ్బా టీవీల కాలమున జరిగినది. ఆ పెట్టెకు బ్రైట్‌నెస్ కొక మర, కాంట్రాస్టున కొక మర యుండెడివి. మొదటి మర త్రిప్పినచో నిజముగా పైకి లేచునది నలుపు. తెలుపును పెంచునది రెండవది. ఈ రహస్యము ఆయనకు నేటికిని అందలేదు. కనుకనే ‘లవకుశ’ వచ్చిన రాత్రి మొదటి మరను తుదివఱకు త్రిప్పి, నీలమేఘశ్యాముడైన రాముని నఖశిఖపర్యంతము విభూతి పూసుకొన్న శివునిగా దర్శింపజేసి, పరమవైష్ణవక్షేత్రపు పొలిమేరలో శైవమునకు మహోపకార మొనర్చెను.

పిమ్మట పలుచని టీవీ వచ్చినది. అంగడిలో పట్టపగటివంటి దీపముల క్రింద వరుసదీరిన టీవీలలో కంటిని గొట్టునదే ముందుగా అమ్ముడుపోవును గనుక, తయారీదారులు ‘వివిడ్’ అను పేర జిగేలుమను ఏర్పాటొకటి అందు పొందుపఱతురు. అంగడిలో చూచిన ఆ జిగేలునే ఆయన ఇంట అర్ధరాత్రివేళ సైతము నిలిపి యుంచును. కన్నులు మండుచున్నవని ఎవరైన మొఱపెట్టుకొనినచో, “పాల్వంచ పక్కన పెట్టుకొని గుడ్డి ఎలుతుర్ల చూసుడేందయ్యా? మన బొగ్గు, మన కరెంటు!” అని గద్దించును. ఈ వాదమున భూగోళశాస్త్రము సరియే, నేత్రశాస్త్రమే లోపించినది.

ఇక శ్రీరామనవమి. భద్రాద్రి కల్యాణము మిథిలా స్టేడియమున అభిజిత్ లగ్నమందు, అనగా మిట్టమధ్యాహ్నము జరుగును. అది వాకిటి టేకుచెట్టు సైతము ఆకు రాల్చి మోడువారియుండు చైత్రము. అప్పటి బయటి వెలుగు లక్ష లక్సును సమీపించును. రాత్రి దీపము పెట్టిన గదిలోనో, సాధారణముగా నూఱైన నుండదు. ద్వారమునుండి చొచ్చి తెరపై బడిన ఎండ నలుపు నంతయు బూడిదవన్నె చేయుచుండగా, టీవీ ఎంత వెలిగినను సూర్యునితో పందెము గెలువజాలదు. తలుపు దగ్గఱగా వేయుటయే ఉపాయము. వేయుదమనిన, గాలి రాదని అడ్డుపడువాడును ఆయనయే!

మొన్నటి నవమికి జీలకఱ్ఱ బెల్లము ఘట్టము వఱకు బొమ్మ కొంత కనబడుచుండెను. మాంగల్యధారణమునకు మంత్రము లారంభమగుచుండగా ఆయన రిమోటు నొక్కెను. తెరనిండ నొక నల్లని పట్టిక దిగి వధూవరులను మఱుగుపఱచెను.

“అబ్బాయ్, తాళి గట్టిండారా?” అని మూలనుండి ముసలవ్వ.

“ఆగవే అవ్వా, ఎలుతురు సెట్టు జేస్తన్న!”

భద్రాద్రి సీతమ్మకు తాళులు మూడు: పుట్టినింటిది, మెట్టినింటిది, భక్తరామదాసు చేయించినది. స్వామి ఇంతటి వెసులుబాటు కల్పించినను, ఆ మూటిలో నొక్కటియు ఆ వసారాలో నెవ్వరి కంటను బడలేదు. పట్టిక తొలగునప్పటికి తలంబ్రాలు నడుచుచుండెను. ముత్యములు మాత్రము మిక్కిలి తెల్లగా మెఱసినవని ఒప్పుకొనక తప్పదు.

అయ్యా, మీ యింటను ఇట్టివా డుండినచో, నవమినాటి ఉదయమే టీవీని వాకిటి ఎండ సోకని గోడకు మార్చుడు. రాత్రివేళ ‘సినిమా’ అను ఏర్పాటునకు దింపి, తెర వెనుక నొక చిన్న దీపము పెట్టుడు. రిమోటు మాత్రము ముసలవ్వ చేతికిండు.