స్టీరింగ్ అదే, సంబంధమే వేరు

బెజవాడ ఆటోనగర్‌లో లారీకి కావలసినవన్నీ దొరుకుతాయి. బాడీ కట్టే మేస్త్రీ, కమాన్‌పట్టీలు మార్చే మెకానిక్, వెనకాల దిష్టిబొమ్మ గీసే పెయింటర్... దొరకనిదల్లా డ్రైవరే!

చట్టానిదేం తప్పులేదు. 20 ఏళ్లు నిండి, కారు లైసెన్సు వచ్చి ఏడాదైతే చాలు. ఎనిమిదో తరగతి ఉండాలన్న నిబంధననూ 2019లో ఎత్తేశారు. (దారిఖర్చుల లెక్క ఓనరుకు ఒప్పజెప్పడానికి ఏ డిగ్రీ అయినా చాలదు, అది వేరే సంగతి.) రోజుకు 8 గంటలే పని అంది 1961 నాటి చట్టం. కైకలూరులో ఐసు కొట్టి చేపలెత్తిన లారీ ఆ చట్టాన్ని నమ్ముకుంటే అస్సాం చేరేది చేప కాదు, వాసన!

2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీల కేబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. డ్రైవరుకూ చెమట పడుతుందని తెలుసుకోడానికి స్వతంత్ర భారతానికి 78 ఏళ్లు పట్టింది.

ఇక పెళ్లి. ఉయ్యూరులో లారీ తోలే కుర్రాడికి పిల్లనివ్వరు. వాడే టెక్సాస్‌లో ట్రక్కు తోలితే ‘అబ్బాయి లాజిస్టిక్స్‌లో ఉన్నాడండీ’ అంటూ ఇంటికొచ్చి మరీ అడుగుతారు.

హెవీ లైసెన్సు గడువు అయిదేళ్లు. ఉయ్యూరు కుర్రాడికి ఆలోపు సంబంధమేదైనా ఉంటే చెప్పండి.