పచ్చగుడ్డ పెట్టుబడి

కర్నూలు, కడప పట్టణములలో వార్తాపత్రికల మడతలనుండి జారిపడుచున్న ఆ రంగురంగుల కరపత్రము మీ యింటి గడపను కూడ దాటియే యుండును గనుక, అందలి సంగతులను ఏకరువు పెట్టి మీ ప్రొద్దు చెరుప నిచ్చగింపను. పెరుగుచున్న విపణి, పరిమితమైన వాటాలు, త్వరపడువారికే అవకాశము అను మూడు మంత్రములు ఈపాటికి మీకు కంఠస్థములై యుండును. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమునకు రాజధానియై, గుడారములలో కచేరీలు నడపి, 1956 నవంబరు 1న ఆ వైభవమును గుడారములతో సహా మడిచి హైదరాబాదునకు సాగనంపిన కర్నూలునకును, ఉక్కు కర్మాగారము పేరిట 2007లో, 2018లో, 2019లో, మరల 2023లో శంకుస్థాపనలను, భూమిపూజలను కన్నులపండువుగా తిలకించి, కొట్టిన కొబ్బరికాయల చిప్పలు తప్ప మరేమియు మిగుల్చుకొనని కడప జిల్లాకును, ఇన్నాళ్లకు ఒక పరిశ్రమ ఎవరును పిలువకయే, రాయితీ లడుగకయే, తనంత తాను నడచి వచ్చుచున్నదన్న, అది రంగుబంతులను కర్రతో పొడిచి మూలబొక్కలలో పడవేయు పరిశ్రమయే యైనను, కాదనుటకు మనమెవ్వరము?

ఈ స్నూకరుశాల సంస్థాపకులలో నొకడు, పాతికేండ్ల చురుకైన యువకుడు, పెట్టుబడిదారుల కొరకు మా వీధిలో ఇల్లిల్లును తిరుగుచు నా కడకును వచ్చెను.

"సార్, ఊరు శానా పెరుగుతాండాది. పొద్దుగూకితే పిల్లోళ్లు పోయేదానికి ఒక జాగా లేదు. మీరు ఒక ఐదు లచ్చలు పెట్టి ఇంట్లో కూసోండి సార్, నెలనెలా దుడ్లు మీ అకౌంట్లో పడతాయి."

"మరి నీ వంతు ఎంత నాయనా?"

"ఐడియా నాదే గదా సార్!"

ఈ సమాధానమునందలి సారళ్యమునకు నేను ముగ్ధుడనైతిని. రొక్కము నాది, భవనము మరియొకరిది, ఓడుట పిల్లలది, ఆలోచన మాత్రము వారిది. ఆ ఆలోచనయైనను వారిదేనా యని విచారించితినా, అదే కరపత్రము, అవే వాక్యములు, శాల పేరొక్కటి మార్చుకొని, నంద్యాలలోను ప్రొద్దుటూరులోను కూడ తిరుగుచున్నవి.

విపణి పెరుగుచున్నదనుటకు వారు చూపు ప్రమాణము 2011 నాటి జనాభా లెక్క. ఆనాడు కర్నూలు నగరమున నాలుగు లక్షల పైచిలుకు, కడపయందు మూడు లక్షల నలువది వేల పైచిలుకు జనము. అందు యువకు లింతమందియని యొక ఊహ, వారిలో ఆటకు మరుగువారింతమందియని దానిపై నొక ఊహ, ఒక్కొక్కడు వారమున కిన్ని గంటలాడునని యొక గుణకారము, గంట కింతయని మరియొక గుణకారము. ఆ లెక్కలో బడిపిల్లలుగా నున్నవారిలో ఎందరో ఈనాడు బెంగుళూరులో అద్దె కట్టుకొనుచున్నారన్న సంగతిగాని, ఒకే వీధిలో నాలుగు శాలలు లేచినపుడు నలుగురు యజమానులును ఆ ఒక్క కుర్రవానినే నాలుగుమారులు లెక్కించుకొనుచున్నారన్న సంగతిగాని ఆ గుణకారమునకు పట్టదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రముల కొరకు నడుములు వంచి వెదకువారిని చూచి మనము నవ్వుదుము. వారు తమ సద్దిమూట తామే తెచ్చుకొందురు, కరపత్రములు పంచరు.

ఇంతవరకు నేనును ఓర్చితిని. రెండవ పుటలో "ప్రతి బల్లలోను అసలైన ఇటలీ పలకరాయి" అని పసిడిరంగు అక్షరములలో చదివిన పిమ్మట నా ఓర్పునకు నేనే పూచీపడజాలను. ఎవరికయ్యా ఇటలీ రాయి? కడపకా? భూగర్భశాస్త్రజ్ఞులు ఒక ప్రాచీన శిలాసముదాయమును గుర్తించి, దానికి కడప పేరే పెట్టి, ప్రపంచములోని భూగర్భశాస్త్ర గ్రంథములకెక్కించిన ఊరికా? బేతంచెర్లనుండి కొలిమిగుండ్లవరకు, ఎర్రగుంట్లనుండి జమ్మలమడుగువరకు పోయి చూడుడు: మేము నడచు నేల నాపరాయి, మిద్దెకప్పు నాపరాయి, పెరటికంచె నిలువునా పాతిన నాపరాయి, బట్టలుదుకు బండ నాపరాయి, బస్సు కొరకు పడిగాపులు పడు అరుగు నాపరాయి. వేసవిలో మా ప్రాణములు తోడివేయుటలో సగము పని సూర్యునిదైన తక్కిన సగము ఆ బండది. రాయి లేదని ఏడ్చినవాడు ఈ సీమలో ఒక్కడును పుట్టలేదు. నీరు లేదని ఏడ్వనివాడును పుట్టలేదు.

నాపరాయి వేరు, పలకరాయి వేరు అందురా? చిత్తము. నల్లమల కావల మార్కాపురమున్నది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు అది మా కర్నూలు జిల్లాలోనిదే. ఆ ఊరి గనులనుండి వెలువడిన పలకలు, నాలుగంచులకు కొయ్యచట్రము బిగించుకొని, తెలుగునాట ఎందరు పిల్లల యొడిలో కూర్చున్నవో లెక్క పెట్టగలవారెవ్వరు? ఆ నల్లని రాతిపైననే మా తరమువారము బలపము అరుగువరకు ఓనమాలు దిద్ది, తడిగుడ్డ దొరకనపుడు కంచెమీది కోవాకు నలిపి తుడిచి, ఆ పసరువాసనలోనే ఎక్కములు వల్లించితిమి. భూమినుండి తీసిన దిమ్మను ఉలిమొన పొరలో దూర్చి, తమలపాకువలె పలుచగా విడదీయు ఆ పనివాండ్ర నేర్పు ఏ ఇటలీవానికిని తీసిపోదు. వారు రాతిదుమ్ము పీల్చి దగ్గుచు ముదిసిరి. నోటుపుస్తకములు, ప్లాస్టికు పలకలు వచ్చి ఆ పనియు సన్నగిల్లెను. వారికి ఒక్క బల్లకు సరిపడు పనియైన చెప్పవలెనని ఈ విపణివర్ధనులలో ఎవరికైన తోచెనా?

అసలు బల్లకు రాయి యేల? కొయ్య తేమకు వంగును, ఎండకు పగులును. అందుచేత పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండు పనివారు దానిని మాని, పలకరాతిని నున్నగా సమతలముగా నూరి పరచి, దానిపై ఉన్నిగుడ్డ లాగి బిగించిరి. కావలసినది సమతలము, దాని జన్మభూమితో బంతికేమి పని? ఈ మాటయే ఆ యువకునితో ననగా, "ఇటలీ అంటే గంటకు ఇంకో యాభై ఎక్కువ అడగొచ్చు సార్" అని యుపదేశించెను. గుడ్డ బిగించిన పిదప ఆ రాతిని చూచు మానవుడు లేడు. అది ఇటలీదో ఎర్రగుంట్లదో గుడ్డ మార్చువానికి తప్ప తెలియదు, వాడును చెప్పడు. ఎవరికిని కానరాని రాతికి గంటకు యాభై రూపాయలు! అదియును పలకలు చేసి పంపిన సీమ పిల్లలనుండి!

శీతలీకరణ యంత్రములను గూర్చి, గోడపై వ్రేలాడు నియాన్ దీపములను గూర్చి, రెండువందల రూపాయల చల్లకాఫీని గూర్చి నేనేమియు ననను.

ఆటపై నాకు పగలేదు. విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో బిలియర్డ్స్ ప్రపంచ అమెచ్యూర్ పోటీ గెలిచి దేశమునకు కీర్తి తెచ్చెను. పంకజ్ అద్వానీని ఎరుగనివారు లేరు. కరపత్రమున అద్వానీ పేరున్నది గాని, ఆట నేర్పు గురువు పేరు లేదు. స్నూకరు పుట్టుకయే విచిత్రము: 1875లో వానకాలమున జబల్పూరులో, బయట ఎడతెగని వర్షము, లోపల ప్రొద్దుపోని దొరలు, నెవిల్ చేంబర్లేన్ అను యువ సైనికాధికారి రంగుబంతులను చేర్చి కొత్త ఆట కల్పించెను, 1882లో ఊటీ క్లబ్బునందు దాని నియమములు కుదిరెను. వాన యెక్కువై పుట్టిన ఆట మా సీమకు వాన లేక వచ్చుచున్నది.

ఆ కోసిగి, ఆస్పరి ప్రాంతములకు పోయి చూడుడు. పైరు చేతికి రాని యేట ఇంటికి తాళము వైచి, ముసలివారిని, పసివారిని గ్రామమున విడిచి, ఆలుమగలు సుగ్గికి పోయి గుంటూరు చేలలో మిరపకాయలు కోయుదురు. ఆ కూలి డబ్బులతోనే పెద్దకొడుకును నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగులోనో, కర్నూలులో పోలీసు పరీక్షల కోచింగులోనో చేర్చుదురు. నోటిఫికేషను రాదు, వచ్చినను పరీక్ష జరుగదు, జరిగినను కోర్టుకెక్కును. ఆ కుర్రవాడు గదిలో ఉక్కకు తాళలేక వీధిలోనికి వచ్చి నిలిచినపుడు, వానిని చూచి ఈ మహాశయులు "విపణి పెరుగుచున్నది" అని చంకలు కొట్టుకొనుచున్నారు. వీరు విపణి యనుచున్నది నిరుద్యోగమును. ఉద్యోగమున్నవాడు మధ్యాహ్నము మూడు గంటలకు బల్లచుట్టు తిరుగడు. చేతిలో కాలము తప్ప మరేమియు లేనివానికి ఆ కాలమునే గంటలచొప్పున అమ్మజూచు వ్యాపారమిది. దీనికి నాగరకత యని పేరు పెట్టుటకు సిగ్గుండవలెను. ఆ పిల్లలకు ప్రొద్దుగూకిన పిదప పోవుటకు జాగా లేదన్నది నిజమే. ఇసుమంత గాలియాడు గ్రంథాలయము, రాత్రి పదివరకు తెరచియుండునది, ఎన్ని వార్డులలో నున్నది? దానికి వాటాలమ్ముచు మా వీధికి ఒక్కడైన రాలేదు.

పైగా ఈ శాలలలో నొక ధర్మము కలదు: ఆట ముగిసిన పిమ్మట బల్లసొమ్ము ఓడినవాడే చెల్లించవలెను. గెలిచినవాడు ఉచితముగా నాడినట్లు. ఓడినవాడు పోగొట్టుకొన్నది రాబట్టుటకు మరల నాడవలసినట్లు. ఎవరోడినను యజమాని గెలిచినట్లు. ఇది జూదమా యని యడిగిన, 1974 జూద చట్టము నైపుణ్యక్రీడల జోలికి పోదని, రమ్మీ సైతము నైపుణ్యమేయని సుప్రీంకోర్టు 1967లోనే సెలవిచ్చెనని వకీళ్లు చెప్పుదురు. కావచ్చును. మిరపచేలో నడుము వంచిన తల్లికి ఈ విచక్షణ ఎవరు బోధింతురు?

పరుల సొమ్ముతో ఈ జిల్లాలలో లాభములు పండింతుమన్న తొలి ఘనులు వీరు కారు. 1858లో లండనున మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యని యొకటి వెలసి, సుంకేసుల యొద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడపవరకు కాలువ త్రవ్వి, నీటి రాబడితోను పడవల కిరాయితోను వాటాదారుల పెట్టెలు నింపుదుమని బయలుదేరినది. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి ఐదు వడ్డీకి ప్రభుత్వము హామీ పడెను. అనగా కాలువ పారినను పారకున్నను మన తాతముత్తాతల పన్నులనుండి లండను వాటాదారునకు వడ్డీ పారెను. 1871 నాటికి కాలువ ముగిసెను. నల్లరేగడి రైతు, వీరి కాగితపు లెక్కలలో వరుసగా నిలుచున్నవాడు, నీరు కొనుటకు రాలేదు. 1882లో ప్రభుత్వమే ఆ గుదిబండను కొని మెడకు కట్టుకొనెను. నీటికి అలమటించు సీమలో నీటికే బేరము కుదరని వ్యాపారమును చూచినవారము మేము! అయినను కాలువ మిగిలినది, కర్నూలు-కడప (కె.సి.) కెనాల్ క్రింద నేటికిని వరి పండుచున్నది. ఈ శాల మూతబడిన మిగులునది ఇటలీ రాయి. బిలియర్డు బల్లల వైభవమునకు నిదర్శనము కావలెనన్న, ఫలక్‌నుమా సౌధమును కట్టించి అందు ఇంగ్లండు బల్లను నిలిపిన వికారుల్ ఉమ్రా, అప్పులపాలై, ఆ సౌధమును నిజాము చేతబెట్టవలసి వచ్చెను. బల్ల మాత్రము క్షేమముగా నున్నది.

ఈ కరపత్రము మొగము ఎవరివైపు తిరిగియున్నదో గమనించితిరా? "విశ్రాంత ఉద్యోగులకు ప్రత్యేక అవకాశము." గ్రాట్యుటీ చేతికందిన మాస్టరు, కూతురి పెండ్లికి దాచిన కండక్టరు, డిపాజిట్లు మ్రింగిన అగ్రిగోల్డు రసీదులను ఇంకను బీరువాలో భద్రముగా నుంచుకొన్న అమాయకుడు, వీరే ఆ అవకాశము. 2013 కంపెనీల చట్టము ప్రకారము ప్రైవేటు కంపెనీ వాటాలు కొనుడని బహిరంగముగా ప్రజలను ఆహ్వానింపరాదు. ఇంటింటికి కరపత్రము వేయుట ఆహ్వానము గాక పేరంటము కాబోలు. కంపెనీ కాదు, భాగస్వామ్యమందురా? 1932 చట్టము క్రింద సంస్థ చేసిన అప్పునకు ప్రతి భాగస్వామియు తన సొంత ఆస్తితో కూడ బాధ్యుడు. ఇంట్లో కూర్చుండుమన్నారే, ఆ యింటితో సహా. అద్దెపత్రము ఎవరి పేర, కరెంటు మీటరు ఎవరి పేర, బల్లలు కొన్న రసీదు ఎవరి పేర అని అడిగిన వాడుక లేని ప్రశ్నలన్నట్లు చూచుచున్నారు.

నేను పెట్టుబడి పెట్టనన్నమాట లేదు. ఒక్క షరతు. బల్లసొమ్ము ఓడినవాడే చెల్లించవలెనను ఆ శాలల ధర్మమునే వాటాదారుల ఒడంబడికలో మొదటి నిబంధనగా వ్రాయుడు: వ్యాపారము ఓడినయెడల మా సొమ్మంతయు ఆలోచన పెట్టుబడిగా పెట్టినవాడే తన చేతినుండి తిరిగి చెల్లించవలెను. దానిక్రింద సంతకము చేయు సంస్థాపకుడు కర్నూలులోగాని కడపలోగాని ఒక్కడున్నను, స్టాంపు కాగితముల ఖర్చు నాది; రిజిస్ట్రారు కచేరీవరకు ఆటో కిరాయియు నాదే.