ఎంఓయూ: ఉపయోగించే విధానం

సైన్సుకూ వ్యాపారానికీ జరిగే నిశ్చితార్థాన్ని ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అంటారు. ఇది సాధారణంగా స్టార్ హోటల్ హాల్లో, వెనక ఫ్లెక్సీ, ముందు బొకేలు ఉండగా జరుగుతుంది. ఇద్దరు పెద్దమనుషులు ఒకే రంగు ఫోల్డర్లు ఇచ్చిపుచ్చుకుని, ఫొటోగ్రాఫర్ 'సార్, ఇంకొక్కటి' అన్నన్నిసార్లు నవ్వుతారు. శాలువాలయ్యాక భోజనాలు. పెళ్లి ముహూర్తం ఎప్పుడని అడగడం మర్యాద కాదు.

హైదరాబాద్‌లో ఇందుకు సరంజామాకు లోటు లేదు. 1999లో షామీర్‌పేట వైపు మొదలైన బయోటెక్ వాడ జీనోమ్ వ్యాలీ ఉంది. 2015లో ట్రిపుల్ ఐటీ ఆవరణలో పుట్టి 2022లో రాయదుర్గం భవంతికి మారిన స్టార్టప్ కేంద్రం టీ-హబ్ ఉంది. పరిశోధన సంస్థలనూ పరిశ్రమనూ కలపడమే పనిగా పెట్టుకున్న 'రిచ్' కూడా ఉంది. అయినా సంభాషణ ఒక పట్టాన కుదరదు. శాస్త్రవేత్త ప్రమోషన్ పేపర్ల లెక్క మీద నడుస్తుంది, వ్యాపారి నెల జీతాల తేదీ మీద నడుస్తాడు. గాజు ఫ్లాస్కులో గ్రాము వచ్చిందని ఒకరు సంబరపడుతుంటే, కిలో ఎంత పడుతుందని రెండోవారు అడుగుతారు. ఈలోగా ఫైలు కమిటీకి వెళ్తుంది.

ఎకోసిస్టమ్ అనే మాట ఊళ్లోకి రాకముందు ఇక్కడ కొన్ని అపచారాలు జరిగాయి. అన్నిటికన్నా పెద్దది శాంతా బయోటెక్నిక్స్. 1993లో దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. హెపటైటిస్-బి టీకా పరిజ్ఞానం ఇవ్వబోమని విదేశీ కంపెనీ అంటే, మనమే చేద్దామనుకున్నారు. కంపెనీకి తల్లి పేరు పెట్టారు. పెట్టుబడి ఒమన్ విదేశాంగ మంత్రి నుంచి వచ్చింది. ప్రయోగాలకు చోటు మొదట ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీ పరిశోధన సంస్థలో దొరికింది. దిగుమతి టీకా వందల్లో పలుకుతున్న 1997లో, 50 రూపాయల ధరకు దేశీయ టీకా బయటికొచ్చింది. ఇందులో హ్యాకథాన్ లేదు, పిచ్ డెక్ లేదు. నిబంధనల ప్రకారం ఈ టీకా పుట్టి ఉండకూడదు.

తార్నాకలో ఇంకో తప్పు జరిగింది. 1944లో హైదరాబాద్ సంస్థానం పెట్టిన ప్రయోగశాలే నేటి ఐఐసీటీ. అక్కడ ఏ.వి.రామారావు బృందం ఎయిడ్స్ మందు ఏజడ్‌టీకి తయారీ పద్ధతి రూపొందిస్తే, దాన్ని మార్కెట్లోకి తెచ్చింది ముంబైకి చెందిన సిప్లా.

బాలానగర్ ఐడీపీఎల్‌దైతే మరీ విడ్డూరం. ప్రభుత్వ ఫ్యాక్టరీ ఖాయిలా పడింది గానీ, అక్కడ చేయి తిరిగినవాళ్లు బయటికొచ్చి నగరమంతా మందుల కంపెనీలు పెట్టారు. అంజిరెడ్డి అలా వచ్చినవారే. మరో రెండు కంపెనీలు చూశాక 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. ఈ లెక్కన టెక్నాలజీ బదిలీకి బాగా పనిచేసిన పత్రం ఎంఓయూ కాదు, రాజీనామా లేఖ. 1995లో ఐఐసీటీ డైరెక్టర్‌గా రిటైరై అవ్రా ల్యాబొరేటరీస్ పెట్టిన రామారావు విషయంలో ఆ లేఖ కూడా అక్కర్లేకపోయింది, సంతకం వయసే పెట్టింది.