టెలీవైద్యానికి విలువ కట్టడం ఎలా? (కొత్తగా వచ్చిన ఆఫీసర్లకు)

టెలీవైద్యం వల్ల ఒరిగిందేమిటో రిపోర్టు రాయమని మీ నెత్తిన పెట్టారా? కంగారు పడకండి. ఇలాంటి రిపోర్టులే రాసి రాసి రిటైరైనవాణ్ణి నేను.

ముందు కాల్స్ లెక్కపెట్టండి. 2023 ఫిబ్రవరికల్లా ప్రభుత్వ టెలీవైద్య సేవ ఈ-సంజీవనిలో సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. అంత అంకె వేశాక ఎవరూ నోరెత్తరు. "వాళ్లలో ఎంతమందికి తగ్గింది?" అని ఎవడైనా అడిగితే వాడికి టీ ఇప్పించండి. లైను తెగి మళ్లీ కలిస్తే రెండు కాల్స్.

చరిత్రకు ఓ పేరా. చిత్తూరు జిల్లా అరగొండ టెలీమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో బిల్ క్లింటన్ ప్రారంభించాడని రాసి, ఫొటో పెట్టండి. అరపేజీ నిండుతుంది. 2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం టెలీవైద్య మార్గదర్శకాలు ఇచ్చిందనీ రాయండి. తెర మీద తేలని కేసును నేరుగా చూపించుకోమని డాక్టరు చెప్పాలని వాటిలో ఉంది. ఆ ముక్క మాత్రం మనకొద్దు.

పల్లె క్లినిక్‌కి పొరపాటున కూడా వెళ్లకండి. నేను ఒక్కసారి వెళ్లి చెడిపోయాను. షుగరున్న అవ్వ, పాదం కింద పుండు. సిస్టరమ్మ ఫోను దగ్గరగా పెడితే అవతల డాక్టరుకు గోధుమరంగు మచ్చ తప్ప ఏమీ కనబడలేదు. "ఇంకొంచెం దగ్గరగా" అన్నాడాయన. ఆయనేదో తనతోనే అన్నాడనుకుని అవ్వ కాలెత్తి తెరకు ఆనించబోయింది. సిస్టరమ్మ ఆ కాలు పట్టుకుని బొటనవేలు నొక్కింది.

"అవ్వా, తెలుస్తా ఉందా?"

"ఏంది తెలిసేది? నువ్వు యాడ ముట్టుకున్నావు?"

ఆ మాట చెవినపడగానే డాక్టరు పెద్దాసుపత్రికి పంపమన్నాడు. ఆ కాలికి పనికొచ్చింది ఫోనా, సిస్టరమ్మ వేలా? నా ఫారంలో వేలికి కాలమ్ లేదు. రిపోర్టు వారం లేటైంది.

ఆదా లెక్క తేలిక. ప్రతి కాల్‌కీ రానూపోనూ బస్సు చార్జీ మిగిలిందని వేసుకోండి. ఆర్టీసీలో ఆడవాళ్లకు చార్జీ లేకపోయినా సరే. అవ్వను క్లినిక్‌కి తీసుకొచ్చిన మనవడికి పోయిన ఆ పూట కూలి మాత్రం లెక్కలోకి తేకండి. డాక్టరు రాసిన మాత్ర క్లినిక్‌లో లేక టౌన్ మెడికల్ షాపులో కొన్నారంటే అది వాళ్ల సొంత వ్యవహారం.

ఇక ఇళ్లకు పంచిన షుగరు, బీపీ మిషన్లు. ఇక్కడే అసలు నైపుణ్యం. మొదటి నెల మామిడిపండు కోసిన చేత్తోనే షుగరు చూసుకోనివ్వండి. వేలికంటిన రసానికే రీడింగ్ ఎగురుతుంది. బీపీ పట్టీ చొక్కా మీదే చుట్టి, మనిషి మెట్లెక్కి వచ్చీరాగానే నొక్కించండి. చివరి నెల చేతులు కడిగించి, అయిదు నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చోబెట్టి చూడండి. గ్రాఫు దానంతటదే దిగుతుంది. కింద మన యాప్ పేరు వేయడమే తరువాయి.

అవ్వ పెద్దాసుపత్రికి వెళ్లిందా అంటారా? 'రెఫర్' దగ్గర టిక్కు పెట్టగానే ఆమె ఫైలు మూసేశాం. సిస్టరమ్మ ఏదో చెప్పాలని రెండుసార్లు ఫోన్ చేసింది కూడా. నేను మీటింగ్‌లో ఉన్నాను.