సర్పంచ్ గారి దవాఖాన ఖర్చులు

మా ఇంట్లో జబ్బు పడటానికి ఒక వరుస ఉంది. మొదట సర్పంచ్, తరువాత అమ్మ, ఆ తరువాత మా ఆవిడ, ఇంకా డబ్బులు మిగిలితే నేను. నాకు జ్వరమొస్తే మిరియాల కషాయం కాస్తారు. సర్పంచ్ ఒక పూట ఇడ్లీ వాసన చూసి వదిలేస్తే మాత్రం నేను ఆఫీసుకి సెలవు పెట్టి స్కూటర్ తీయాలి. ఈ వరుస ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ, నా ఫోన్‌పే చిట్టా తిరగేస్తే కుక్కకు పుట్టిన నాలుగు కాళ్ల ప్రభుత్వం ఒకటి మా ఇంటిని ఏలుతోందని ఎవరికైనా తెలిసిపోతుంది.

సర్పంచ్ అంటే మా కుక్క. నాదర్‌గుల్ గ్రామ పంచాయతీ పోయి ఊరు బడంగ్‌పేటలో కలిసింది, బడంగ్‌పేట కార్పొరేషన్ అయింది. పదవి రద్దయింది గానీ, ఆ హోదా తాలూకు నడక ఎటు పోతుంది? మా పక్క ఖాళీ ప్లాట్లో, కంపచెట్ల కింద పుట్టిన ఒక గోధుమరంగు పిల్లకు వచ్చింది. కళ్లు పూర్తిగా తెరవకముందే అది మా గేటు ముందు కూచుని, వచ్చేపోయే వాళ్లని సంతకం కోసం వచ్చినవాళ్లలాగా చూసేది. మా అబ్బాయి లోపలికి తెచ్చాడు. పేరు నేనే పెట్టాను. ఫ్లయింగ్ నేర్చుకునే పిల్లల చిన్న విమానాలు నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ నుంచి లేచి మా డాబా మీదుగా పోతుంటాయి. ఒక్కొక్కదాన్నీ తన అనుమతి లేకుండా పోతున్నట్టు నిలదీస్తుంది.

ఆఫీసులో ఒకాయన వేలు పోసి లాబ్రడార్ కొన్నాడు. ఆయన ముందు నేను చాలా రోజులు గొప్పలు పోయాను: ‘మనది దేశీ కుక్క సార్. పైసా పెట్టలేదు. రోగాలు రావు.’ ఈ మూడో వాక్యం ఎక్కడి నుంచి పట్టుకొచ్చానో ఇప్పటికీ గుర్తు రాదు. పైసా పెట్టకుండా వచ్చినదాని మీద జాలి ఎక్కువ, జాలి ఎక్కువైనచోట బేరం చేసే నోరు పడిపోతుంది. కొత్తిమీర కట్ట దగ్గర రెండు రూపాయలకు ఐదు నిమిషాలు నిలబడే మనిషిని నేను. జంతువుల డాక్టరు కౌంటరు ముందు ‘ఎంత?’ అని కూడా అడగను, స్కానర్ ఎక్కడుందో మాత్రం అడుగుతాను.

అమ్మకు ఇదంతా విడ్డూరం. ఆమెది యాచారం వైపు పల్లె. ‘మన ఊళ్లె కుక్కలకు డాక్టరెక్కడిదిరా? సద్దన్నం తిని పదేండ్లు బతికినయ్. పసుపు, వేపాకు నూరి పుయ్యి’ అంటుంది. ఆమె మాటకు పురాణాల దన్ను కూడా ఉందనిపించింది నాకు. విరాటుడి కొలువులో నకులుడు గుర్రాల సంగతి చూశాడు, సహదేవుడు ఆవుల సంగతి చూశాడు. కుక్కను ఎవరూ చూడలేదు. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్క సాక్షాత్తూ యముడు కాబట్టి దానికి టీకాల కార్డు అక్కర్లేకపోయింది. మా సర్పంచ్‌కి ఆ వెసులుబాటు లేదు.

డాక్టర్ని ఎంచుకోవడంలో నా పద్ధతి మొదట చాలా శాస్త్రీయంగా ఉండేది: ఫోన్లో చుక్కలు లెక్కపెట్టడం. చుక్కలు ఎక్కువున్న ఒక అద్దాల క్లినిక్ ఎల్బీనగర్ దాటి దొరికింది. లోపల ఏసీ, గోడ మీద నవ్వుతున్న గోల్డెన్ రిట్రీవర్, బల్ల మీద నీళ్ల సీసా. రిసెప్షన్ అమ్మాయి సర్పంచ్‌ని ‘బేబీ’ అంది, నన్ను ‘పెట్ పేరెంట్’ అంది. నాకు ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరూ ఇంత మంచి హోదా ఇవ్వలేదు. ఆ పొంగులో, టీకాతో పాటు చెవులు కడగడం, గోళ్లు కత్తిరించడం, బొచ్చు నిగనిగలాడే నూనె, మెడకు గంట కలిసి ఉన్న ఒక ‘వెల్‌నెస్ ప్యాకేజీ’కి తల ఊపాను. సర్పంచ్ గోళ్లు ఖాళీ ప్లాట్ల రాళ్ల మీద వాటికవే అరుగుతాయి. గంట ఇంటికి రాగానే ఊడబీకి, గడప కింద పాతిపెట్టింది. బిల్లు మాత్రం పాతిపెట్టలేకపోయాను. మా ఆవిడ చూసింది. చూసి, ‘మా అన్న కొడుకు బారసాలకు గూడ ఇంత పెట్టలేదు గదండీ’ అంది.

ఆ బిల్లు తాలూకు దడతో నేను రెండో ధ్రువానికి పోయాను. బైకు మీద ఇంటికే వచ్చి సూది వేసే ఒకతను ఉన్నాడని కాలనీలో తెలిసింది. సగం ధర, పైగా ‘సార్ సార్’ అంటాడు. వచ్చాడు, చొక్కా జేబులోంచి సీసా తీశాడు. మే నెల మధ్యాహ్నం. మా అబ్బాయి ఇంటర్‌లో బైపీసీ. ‘నాన్నా, టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, అంకుల్ జేబులో నలభై ఉంది’ అన్నాడు. ఏం చదివారని నేను అడిగితే అతను ‘అనుభవం సార్’ అన్నాడు. టీ ఇచ్చి పంపించాం.

ఆ రోజు మా అబ్బాయి నాకు పాఠం చెప్పాడు. పశువైద్యుడంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రాష్ట్ర మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడం తప్పు కాదు. టీకా వేశాక సీసా మీది స్టిక్కరు కార్డులో అంటించాలి, తేదీ రాయాలి, సంతకం పెట్టాలి. మొదటి రేబీస్ టీకా మూడు నెలల వయసులో, ఆ తరువాత డాక్టరు చెప్పిన గడువులో, మామూలుగా ఏడాదికోసారి. చుక్కలు చూడకుండా ఈ నాలుగూ చూసి ఉంటే గడప కింద గంట ఉండేది కాదు.

అసలు పరీక్ష వానాకాలంలో వచ్చింది. మా కాలనీలో ఇళ్లకంటే ఖాళీ ప్లాట్లెక్కువ, ప్లాట్లలో గడ్డి నడుమెత్తు, ఆ గడ్డి నిండా గోమార్లు. సర్పంచ్ రోజూ అందులో పర్యటించి వస్తుంది. చెవుల వెనక, వేళ్ల సందుల్లో ఆముదపు గింజల్లా ఉబ్బిన గోమార్లను నేను కిరసనాయిలు చుక్కతో తీసేవాణ్ణి. తప్పట. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిదానంగా లాగాలట. ఒక రోజు విమానం పోయినా సర్పంచ్ తల ఎత్తలేదు. చికెన్ సెంటర్ వాడు గేటు ముందే బండి ఆపినా లేవలేదు. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. ఒళ్లు కాలిపోతోంది.

నా మొదటి ఆలోచన, నిజం చెప్పాలంటే, నొప్పుల బిళ్ళలో సగం. అమ్మకు మోకాళ్ల కోసం తెచ్చిన డైక్లోఫెనాక్ అలమరలోనే ఉంది, పైసా ఖర్చు లేదు. అబ్బాయి చెయ్యి పట్టుకున్నాడు. మనిషి నొప్పి మాత్రలు కుక్క కడుపునీ కిడ్నీలనీ తినేస్తాయట. ఆ డైక్లోఫెనాకే పశువులకు వాడితే, చచ్చిన పశువును తిన్న రాబందులు కిడ్నీలు పాడై కుప్పకూలాయి. దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. నా పిసినారితనానికి ఇంత పెద్ద రెక్కలుంటాయని అప్పటిదాకా తెలీదు.

చుక్కలూ లేవు, ఏసీ లేదు, కర్మన్‌ఘాట్ వైపు ఒక షట్టర్‌లో పెద్దాయన కూచుంటాడని పాలబ్బాయి చెప్పాడు. తన బర్రెలకు ఆయనే చూసేవాడట, ఇప్పుడు బర్రెలు పోయి ప్లాట్లొచ్చాక కుక్కలకు దిగాడట. గోడ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఫ్రేము కట్టి ఉంది. సర్పంచ్‌ని బల్ల ఎక్కించక ముందు ఆయన నా మొహం చూసి ‘ఎంతలో కావాలె?’ అనలేదు. ‘ఇవి మూడు పరీక్షలు. ఇది తప్పదు. ఇది రేపు చూద్దాం. ఇది అక్కర్లేదు’ అని కాగితం మీద గీత కొట్టాడు. మూడో పరీక్షను గీత కొట్టేసిన క్షణంలో నేనాయనకు జీవితకాలపు గిరాకీనైపోయాను.

రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి చూసి, ప్లేట్‌లెట్లు లెక్కించి, గోమారి జ్వరమన్నాడు. డాక్సీసైక్లిన్ ఇరవై ఎనిమిది రోజులు. మనుషులు వాడే మందే. జన ఔషధి దుకాణంలో చవగ్గా దొరికింది. మోతాదు మాత్రం కుక్క బరువును బట్టి ఆయనే రాశాడు. నేను లెక్కలేసి మురిసిపోయాను. కానీ సర్పంచ్ మాత్ర మింగదు. పెరుగన్నంలో కలిపితే అన్నం తిని మాత్రను అంచుకు నెట్టింది. పైగా పెరుగులో కలపొద్దట, సున్నపు సారం మందును పట్టేసుకుంటుందట. ఉత్త మాత్ర గొంతులో ఇరుక్కుంటే గొంతు పుండవుతుంది, అన్నంతో పెట్టి పైన నీళ్లు తాగించాలట. చివరికి కోడి కార్జం ముక్కలో దాచాం. కార్జం ఖర్చు మందు ఖర్చును దాటింది. చవక మాత్రకు ముప్పై రూపాయల మారువేషం. మా ఆవిడ, ‘మిగిలిన కార్జం ఫ్రై చేస్తనండీ?’ అంది. సర్పంచ్ ఆ మాట విని వంటింటి గుమ్మంలో బైఠాయించింది. ఫ్రై మా దాకా రాలేదు.

పొదుపు రుచి చూశాక నాకు సర్కారీ దవాఖాన మీద ప్రేమ పుట్టింది. నారాయణగూడలో సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. ఫీజు నామమాత్రం. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి పోదామంటే మెట్రోలో కుక్కలకు ప్రవేశం లేదు. సర్పంచ్‌ని చూసి ఆటోవాలా, ‘సీటు మీద కూసుంటదా, కింద కూసుంటదా?’ అని అడిగి, సీటు అన్నందుకు వంద పెంచాడు. నాదర్‌గుల్ నుంచి నారాయణగూడకు, మళ్లీ వెనక్కు రావడానికి, మిగుల్చుకున్న ఫీజు ఆటోకే ఇచ్చాను. మరుసటి వారం రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి స్కూటర్ మీదే తీసుకెళ్లాను, బాలాపూర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా. ఫుట్‌బోర్డు మీద సర్పంచ్, సిగ్నల్ దగ్గర అందరికీ దర్శనం. అక్కడ విద్యార్థులు ఒక గుంపుగా దాని చుట్టూ చేరి, ఒకరు గుండె విని, ఒకరు చిగుళ్లు నొక్కి, ఒకరు రాసుకున్నారు. ప్రొఫెసరు ప్రశ్నలడుగుతుంటే వాళ్లు చెమటలు కక్కారు. సర్పంచ్ ఒక్కటే ధైర్యంగా ఉంది. పదవికి సరిపడా జనం చుట్టూ చేరారు కదా.

జూలై 6న సర్కారు పశువుల దవాఖానల్లో రేబీస్ టీకా ఉచితం. 1885లో అదే రోజు పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కి మొదటిసారి ఆ టీకా ఇచ్చాడు. అందుకే ఆ తేదీ ప్రపంచ జూనోసిస్ దినం. క్యూలో నా ముందు పెద్ద కార్లు దిగిన పొమెరేనియన్లు, షిట్జూలు. ఉచితం అనగానే డబ్బున్నవాళ్లు వచ్చేస్తారని నాలో నేను గొణుక్కున్నాను. వెనక నిలబడ్డ గొర్లకాపరి మా సర్పంచ్ పట్టీ వైపు, నా వాచీ వైపు చూసి అదే మాట పైకే అన్నాడు. కానీ ఈ ఒక్కదాంట్లో సిగ్గు పడనక్కర్లేదు. రేబీస్ వచ్చాక మనిషికైనా కుక్కకైనా మందు లేదు. మిగతావి వాయిదా వేసినా ఇది వెయ్యకూడదు.

బీమా సంగతి కూడా కనుక్కున్నాను. ఏజెంటు మూడు పేజీలు చదివి వినిపించాడు. పాత జబ్బులు రావు, టీకా లేకుండా వచ్చే జబ్బులు రావు, మొదటి కొన్ని రోజులు ఏమీ రాదు. ‘అయితే ఏమొస్తుంది?’ అంటే ప్రీమియం రసీదు వస్తుందన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

దానికి బదులు మా ఆవిడ ఒక పని చేసింది. ఆమె కాలనీ ఆడవాళ్లతో చిట్టీ నడుపుతుంది. అందులో ఒక సభ్యత్వం సర్పంచ్ పేర రాసింది, నెలనెలా కట్టేది నేను. ‘పాట పాడేటప్పుడు దానికి అరిచే హక్కుందా?’ అని పక్కింటామె అడిగిందట. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో ముప్పై లక్షలు దాటింది. మా మండలంలో పాట ఎట్లా పెరుగుతుందో చెప్పలేం. పార్వోలాంటిది వచ్చి నాలుగు రోజులు సెలైన్ పెట్టాల్సి వస్తే ఆ చిట్టీయే దిక్కు. మా ఆవిడ గాజుల కోసం దాచిన చిట్టీ ఏదో నాకు తెలుసు, ఆ తెలివిని నేను బయట పెట్టను.

మొన్న ఏడాది టీకాకు మళ్లీ షట్టర్ డాక్టరు దగ్గరికి పోయాం. సర్పంచ్ అద్దాల క్లినిక్ వీధి మొదట్లోనే కాళ్లు బిగబట్టి కూచుంటుంది గానీ, ఇక్కడ తనే లోపలికి దూరి తూకం యంత్రం ఎక్కి నిలబడింది. పక్కన బిస్కట్ డబ్బా ఉంటుంది మరి. డాక్టరు పక్కటెముకల మీద చేత్తో తడిమాడు. ‘ఎముకలు తగలడం లేదు. అన్నం తగ్గించి నడిపించాలి. లేకపోతే కీళ్లు పట్టేస్తాయి, ఆ ఖర్చు వేరే’ అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. ‘కాళ్లు వాచినట్టున్నాయి సార్, చెప్పులు బిగుసుకున్నాయి. షుగర్, బీపీ ఎప్పుడు చూసుకున్నారు?’

‘మీరే ఒకసారి చూడరాదూ, ఎట్లాగూ వచ్చాం కదా’ అన్నాను.

‘మిమ్మల్ని ముట్టుకుంటే నా రిజిస్ట్రేషన్ పోతుంది’ అని గోడ మీది ఫ్రేము చూపించాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది: ‘డాక్టరు ఏమన్నడు?’

‘బరువు తగ్గాలన్నాడు’ అన్నాను.

ఎవరని ఆమె అడగలేదు. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సగమే పెట్టింది.